ఖాళీగా ఉంచిన చరణం

నా చిన్నప్పుడు మా ఊళ్లో నాకున్న పేరు ఒక్కటే, నోరున్న పిల్ల అని. అది తిట్టో మెప్పో తెలుసుకునే వయసు కాదు. మెప్పే అనుకుని వీధులన్నీ తిరిగేదాన్ని. ఎవరి నడక కంటబడినా, ఎవరి దగ్గు చెవినబడినా సాయంత్రానికల్లా దాని మీద రెండు చరణాలు కట్టి పారేసేదాన్ని. మా నాన్న పాత గొడుగు మీద కట్టాను, బడిపంతులుగారి కిర్రు చెప్పుల మీద కట్టాను, చివరికి మా ఇంటి గేదె మీద కూడా కట్టాను. అందరూ నవ్వేవారు. పదేళ్ల పిల్లకి అంతమంది నవ్వు వినపడితే ఇంకేం కావాలి చెప్పండి? తల మీద కిరీటం పెట్టినట్టే ఉండేది నాకు.

మాది చీపురుపల్లి స్టేషనుకి మూడు మైళ్ల లోపలి ఊరు. గాలి మా వైపు తిరిగితే రైలు కూత వినపడేది, లేకపోతే లేదు. నేను చెబుతున్నది అరవైల చివరి మాట. అప్పట్లో మా ఊళ్లో నాట్లకి కూలీలని పిలిచేంత స్తోమత అందరికీ లేదు. సొంత మడిచెక్కలున్న ఇళ్ల ఆడవాళ్లే ఒకరి పొలానికి ఒకరు వెళ్లి ఊడ్చుకునేవారు. ఇవాళ మీ మడి, రేపు మా మడి. ఆ ఊడుపుల రోజుల్ని మా వైపు ఉభాలు అంటారు. ఉభాలు వచ్చాయంటే బడి సగం ఖాళీ. నేనూ బడి ఎగ్గొట్టి గట్టు మీద నిలబడి, నారు కట్టలు అందించే పని పెట్టుకునేదాన్ని. పని పేరే గాని, నా చెవులు రెండూ పాట మీదే ఉండేవి.

వరస నడవాలంటే పాట నడవాలి. ముప్పై మంది ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో వంగి, వెనక్కి వెనక్కి అడుగు వేస్తూ నాటుతుంటే, పాట ఆగిన చోట చేతులూ ఆగిపోతాయి. మా ఊళ్లో పాట ఎత్తేది దిగువ వీధి అత్త. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, నుదుట రూపాయి కాసంత బొట్టు. ఆవిడ మూడు చరణాలు ఎత్తేది. ఒక్కో చరణానికి వరసంతా వంత పాడేది. నాలుగో చరణం మాత్రం అత్త వదిలేసేది. దాన్ని వరసలో ఎవరికి తోస్తే వాళ్లు అందుకోవచ్చు. ఒకసారి అందుకున్నాక ఆ చోటు వాళ్లదే. ఆ ఉభాలు అయ్యేదాకా నాలుగో చరణం దగ్గరికి వచ్చేసరికి వాళ్ల గొంతు కోసం ఆగాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలీదు గాని, జానెడు గట్టు కోసం కొట్టుకు చచ్చేవాళ్లు కూడా దీన్ని దాటేవారు కాదు.

ఆ ఏడు నాలుగో చరణం మా పక్కింటి అక్కది. ఆ ఏడే కాదు, అంతకు ముందు మూడు నాలుగేళ్ల నుంచీ ఆవిడదే. అక్కకి అప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో. ఆవిడకి నత్తి. మామూలుగా కాదు, మాట గొంతులో ఇరుక్కుంటే కళ్లు మూసుకుని, మెడ నరాలు బిగించి, దానితో పెనుగులాడేది. అందుకని ఏడాదంతా దాదాపు మూగదానిలాగే ఉండేది. నూతి దగ్గర నలుగురూ మాట్లాడుకుంటుంటే బిందె నింపుకుని తల వంచుకుని వచ్చేసేది. కాని మడిలో దిగి పాట అందుకున్నప్పుడు ఆ నత్తి ఏమైపోయేదో! ఒక్క అక్షరం దగ్గరా తడబడేది కాదు. పైగా ఆ గొంతు... దిగువ వీధి అత్తది పెద్ద గొంతు, అక్కది లోతైన గొంతు. కొండ మీద పట్టిన మబ్బుని కాసేపు ఆగి పొమ్మని అడిగే చరణం అది, ఆవిడే కట్టుకున్నది. దాన్ని పాడేటప్పుడు అక్క నడుం నిటారుగా ఎత్తేది. ఏడాదికి నెల రోజులు, రోజుకి పాతికసార్లు, ఒక్క చరణం. ఆవిడకి ఊరిలో ఉన్న నోరంతా అదే.

అలాంటి అక్క నాతో మాట్లాడేది. మా ఇద్దరి ఇళ్లకీ మధ్య అరుగు ఒకటే. నాకు తల దువ్వి జడ వేస్తూ, మెల్లగా, ఆగి ఆగి, అన్నీ చెప్పేది. నేను నవ్వనని ఆవిడకి నమ్మకం. ఒక రోజు జడకి రిబ్బను కడుతూ ఒక రహస్యం చెప్పింది. 'క'తో మొదలయ్యే మాటలే తనని ఎక్కువ ఏడిపిస్తాయట. అందుకని కోడిని పెట్ట అంటుందట, కుండని సట్టి అంటుందట, కొడవలి కావాలంటే వేలు చూపిస్తుందట. "పాటలో మాత్రం నాకు అడ్డం రావే అయ్యి. అందుకే నా సరణం నిండా అయ్యే పెట్టుకున్నాను" అంది. నిజమే, అప్పుడు గుర్తు చేసుకుంటే ఆ చరణంలో మాట మాటకీ 'క' ఉంది. తనని ఏడాదంతా ఏడిపించిన అక్షరాన్నే ఏరి కోరి తెచ్చి పాటలో పెట్టుకుంది. ఇదంతా చెప్పడానికి ఆవిడకి ఎంతసేపు పట్టిందో! చివర్లో నా గడ్డం పట్టుకుని, "నీకొక్కదానికే సెప్తన్నాను. ఎవలికీ సెప్పకే తల్లీ" అంది. నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాను.

వారం తిరక్కుండానే ఆ ఒట్టు గట్టున పెట్టాను.

ఆ వేళ పెద్ద మడి ఊడుస్తున్నారు. మధ్యాహ్నం చోడి అంబలి తాగి దిగాక అందరికీ బద్ధకం. పైన జల్లు, కింద బురద. పాతపాటలు పాడి పాడి అత్తకి విసుగొచ్చింది. నారు కట్ట అందుకుంటూ నాతో, "ఒసే గుంటా, ఏదైనా కొత్తది సెప్పవే, నడుములు ఇరిగిపోతన్నాయి" అంది. నా దగ్గర కొత్తది ఉంది. రెండు రోజులుగా నాలుక మీద దురద పెడుతూనే ఉంది. తెలీక చేశానని చెప్పుకుందామని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ప్రయత్నించానో! కాదు. తెలిసే చేశాను. ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసు, దాన్ని చరణంగా కడితే ఎంత అందంగా కుదిరిందో నాకు తెలుసు, అది పాడితే ఎంత నవ్వొస్తుందో నాకు తెలుసు. అక్క ఆ వరసలోనే, నాకు పది అడుగుల దూరంలో ఉందని కూడా తెలుసు. అయినా వంగి అత్త చెవిలో చెప్పాను.

ఆ చరణం ఇక్కడ రాస్తాను. నేను కట్టినదే కాబట్టి రాయక తప్పదు.

కోడిని పెట్టంటాది, కుండని సట్టంటాది,
క-క-క కొండ అనేలోపు పొద్దు కొండ దిగిపోనాది!

అత్త ముందు పకపకా నవ్వింది. తర్వాత పాట ఎత్తింది. మూడు చరణాలు అయ్యాయి. నాలుగో చరణం దగ్గర అక్క నడుం ఎత్తుతోంది, నోరు తెరుస్తోంది. అంతలోనే అత్త నా చరణం అందుకుంది. అక్క మొదట నవ్వింది. ఆ నవ్వు నాకు ఈనాటికీ కనపడుతుంది. ఎవరి మీదో మంచి సరదా పాట కట్టారు కామోసు అనుకున్న నవ్వు అది. వంత కలపడానికి గొంతు కూడా సవరించుకుంది. 'కుండని సట్టంటాది' అన్న చోట ఆ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, లోపల మనిషి మాత్రం లేదు. అత్త వైపు చూడలేదు. నవ్వుతున్న ముప్పై మందిలో ఎవరి వైపూ చూడలేదు. గట్టు మీదున్న నా వైపు చూసింది. ఆ సంగతి ఇంకెవరికీ తెలీదు కదా మరి.

తర్వాత వంగి నాటడం మొదలుపెట్టింది. వరసంతా 'క-క-క కొండ' అని వంత పాడుతూ ఊగిపోతోంది. పని బ్రహ్మాండంగా సాగింది ఆ పూట. పొద్దు ఇంకా ఉండగానే మడి నిండింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు, అత్త నా బుగ్గ గిల్లి బురద పూసింది. ఛీ, ఆ బురద కడుక్కోవడానికి కూడా నాకు మనసొప్పలేదు, అంత గర్వం.

ఆ సాయంత్రం మా మామ్మ, అంటే మా నాన్నకి తల్లి, కాళ్లు కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది. మామ్మ కూడా ఆ వరసలో మనిషే. నడుం వంగిపోయినా ఊడుపులు మానేది కాదు. గొంతు మాత్రం కీచుగా ఉండేది, రెండు మాటలు కలిపి పాట కట్టడం ఆవిడకి పుట్టుకలో లేదు. "ఆ సరణం నువ్వు కట్టినావా?" అని అడిగింది. లేదన్నాను. అత్తే కట్టిందన్నాను. మామ్మ నా మొహం వైపు కొంచెంసేపు చూసి, "అలాగే" అని లేచిపోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నన్ను రెండు దెబ్బలు వేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది, నాకూ హాయిగా ఉండేది.

మర్నాటికల్లా ఆ చరణం వీధుల్లోకి వచ్చేసింది. పిల్లలు అక్క వెనకాల పడి పాడారు. నూతి దగ్గర ఎవరో కుండ ఒకటి చూపించి, ఇదేటో సెప్పు సూద్దాం అని అడిగారట. అక్క మానకుండా పనికి వచ్చింది, రాకపోతే వాళ్ల మడికి ఎవరూ రారు కదా. వచ్చి వరసలో నిలబడింది గాని నోరు తెరవలేదు. నాలుగో చరణం దగ్గర అందరి కంటే కిందకి వంగిపోయేది. ఆ చోట్లోకి అత్త నా చరణాన్ని తోసేది.

అప్పుడు జరిగింది అసలు సంగతి. మొదట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజు మూడు చరణాలకీ మా మామ్మ అందరితో పాటు వంత పాడింది. నాలుగోది రాగానే చేతిలో నారు చేతిలోనే పట్టుకుని నడుం ఎత్తి నిలబడిపోయింది. ఆవిడతో పాటు మరో ఇద్దరు ముసలివాళ్లు నిలబడ్డారు. ఒకావిడ రామతీర్థం నుంచి మా ఊరి కోడలుగా వచ్చిన మనిషి, రెండో ఆవిడకి చెవులు సగమే పనిచేస్తాయి. ముగ్గురూ పాడరు, నాటరు, ఎవరినీ చూడరు. ఒక చరణం పాడటానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఊరికే నిలబడి, మళ్లీ వంగి వరసలో కలిసేవారు. వాళ్లు ఆగిన చోట వరస వంకర పోయింది. అత్తకి ఒళ్లు మండింది. "ఏటే అప్పా, నడుం పట్టీసినాదేటి?" అని అరిచింది. మామ్మ కీచు గొంతుతో, "నాదేటి లేదమ్మా. ఇది ఒకల వంతు. ఆళ్లు పాడినాక అందుకుంటాను" అంది. అంతే. అక్క పేరు ఎత్తలేదు, తప్పు ఎవరిదో చెప్పలేదు.

వరసంతా నవ్వింది. ముగ్గురు ముసలమ్మల పాట అని పేరు పెట్టారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పాట ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు ఆ ముగ్గురూ లేచి నిలబడేవారు. పాతికసార్లు వంగి లేవడం ఆ వయసులో ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుస్తోంది, నా మోకాళ్లు చెబుతున్నాయి. నాకు మాత్రం అప్పుడు తల తీసేసినట్టుండేది. మా మామ్మ అందరి ముందు నవ్వులపాలవుతోందని సిగ్గు! చూడండి ఎలాంటి సిగ్గో. పడవలసిన చోట పడకుండా పక్కన పడింది. ఇంటికొచ్చాక, ఎందుకిలా చేస్తున్నావు, ఇష్టం లేకపోతే ఆ అత్తని తిట్టరాదా అని దెబ్బలాడాను. మామ్మ తమలపాకు ఈనె తీస్తూ, "తిడితే బయపడి ఊరుకుంటారే. ఊరుకుంటే సాలదు, ఆళ్లకే తోసాల" అంది.

నాలుగో రోజో అయిదో రోజో, కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు కూడా నడుం ఎత్తింది. వాళ్లత్త పక్కనుంచి గిల్లినా వంగలేదు. ఆ మర్నాడు మరో ఇద్దరు. ఒక రోజు నిలబడినావిడ ఇంకో రోజు నిలబడేది కాదు. నిలబడ్డవాళ్లని చూసి వెక్కిరించినావిడే రెండు రోజుల తర్వాత తనకి తెలియకుండానే నోరు కట్టేసుకునేది. ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, ఒట్లు వేసుకోలేదు. మెల్లగా ఆ నాలుగో చరణం చోట నా వెక్కిరింపు పలచబడుతూ వచ్చింది. ముప్పై గొంతులు ఇరవై అయ్యాయి, పది అయ్యాయి. నవ్వడానికి పక్కన నవ్వే మనిషి ఉండాలి. పక్కన మనిషి చేతులు దించుకుని నిలబడితే నవ్వు ఎంతసేపు నిలుస్తుంది?

మా సొంత మడి ఊడ్చే రోజు వచ్చింది. అప్పటికి ఊరంతా ఈ సంగతే. పని సాగదేమోనని మా నాన్న పొద్దున్నే మామ్మతో గొణిగాడు. "అమ్మా, మన మడిలోనైనా ఆపీ ఈ గోల. బేగి తెమలకపోతే నారు ఎండిపోతాది." మామ్మ గోచీ బిగించుకుంటూ, "నీ మడిలో నీళ్లు నీవిరా. వంతు నీది కాదు" అంది. నాన్న ఎడ్ల దగ్గరికి పోయాడు.

ఆ వేళ దిగువ వీధి అత్త పాట ఎత్తింది. మొదటి చరణం, రెండోది, మూడోది. నాలుగోది రాగానే అలవాటు చొప్పున నోరు తెరిచి, చుట్టూ చూసింది. ముప్పై మందీ నిలబడి ఉన్నారు, అక్క తప్ప. ఆవిడ ఒక్కతే వంగి, మొహం నీళ్లకి ఆనేంత కిందకి వంగి, నాటుతోంది. అత్త తెరిచిన నోరు మూసింది. ఆవిడ కూడా నడుం ఎత్తి నిలబడిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. నీళ్లు గండిలోంచి పడుతున్న చప్పుడు, ఎక్కడో కప్ప, చాలా దూరంగా రైలు. అక్క వేళ్లు బురదలో దిగుతున్న చప్పుడు కూడా వినపడింది నాకు. ఒక్కరైనా నా వైపు చూస్తే బాగుండునని ఉంది. ఎవరూ చూడలేదు. ఇన్ని రోజులుగా నేను కట్టిన దానికి ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ ఖాళీ మాత్రం నన్నే అడుగుతున్నట్టుంది. మళ్లీ పాట మొదలైంది, మళ్లీ మూడు చరణాలయ్యాయి, మళ్లీ ఆ ఖాళీ వచ్చింది. ఇక భరించలేకపోయాను. దాన్ని ఎలాగైనా పూడ్చేయాలనిపించింది. తప్పు దిద్దుకోవడమంటే అదే అనుకున్నాను. గట్టు మీదే నిలబడి గొంతెత్తి అక్క చరణం పాడటం మొదలుపెట్టాను.

నా గొంతు బాగుంటుంది. బాగానే పాడాను. సగం కూడా పూర్తి కాలేదు, మామ్మ ఆ వంగిన నడుంతో ఎలా వచ్చిందో గాని గట్టు దగ్గరికి వచ్చి బురద చేత్తో నా నోరు మూసేసింది. గట్టిగా కాదు. ఆ బురద పళ్ల మధ్యకి వెళ్లింది. "నీది కాదే అది. ఉండనీ దాన్ని" అంది. కోపం లేదు ఆ మాటలో. పొయ్యి మీద కూర దించమని చెప్పినట్టు చెప్పింది. ఇంతకాలం చెవులుండీ విననిది అప్పుడు విన్నాను. వెక్కిరించినప్పుడు అక్క చోటు లాక్కున్నాను. ఇప్పుడు దిద్దుదామని కూడా ఆ చోటే లాక్కుంటున్నాను. నోటి నిండా మట్టి, కళ్ల నిండా నీళ్లు. మడిలోకి దూకి, బురదలో పడుతూ లేస్తూ వెళ్లి అక్క ముందు నిలబడి, "నేనే కట్టినాను, అత్త కాదు, నేనే సెప్పీసినాను" అని ఏడ్చాను. మామ్మకి చెప్పిన అబద్ధం కూడా అందరి ముందు చెప్పేశాను.

అక్క నడుం ఎత్తింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఎత్తింది. నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను, లేదా చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ అవేం చెయ్యలేదు. తన చేతిలో నారు అయిపోయింది, ఖాళీ చెయ్యి చాపింది. కళ్లు మూసుకుంది. మెడ నరాలు బిగిశాయి. "క..." అంది. ఆగింది. "క... క..." మళ్లీ ఆగింది. ఏం అడుగుతోందో నాకు మొదటి అక్షరానికే తెలిసిపోయింది. వరసలో అందరికీ తెలిసిపోయింది. ఒక్కరూ ఆ మాట అందించలేదు, ఒక్కరూ కదలలేదు. దిగువ వీధి అత్త పమిట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. చెవులు సరిగ్గా వినపడని ఆ ముసలావిడ కూడా తల పక్కకి వంచి వింటోంది. ఎంతసేపో తెలీదు. నాకు మాత్రం పొద్దు నిజంగానే కొండ దిగిపోతుందేమో అన్నంతసేపు అనిపించింది.

"క... క... కట్టలు అందీ" అంది అక్క.

ఇంకో మాట వెతుక్కోలేదు. నారు అని తప్పించుకోలేదు, వేలు చూపించలేదు. ముప్పై మంది ముందు ఆ అక్షరంతోనే పెనుగులాడి, గెలిచి, తనకి కావలసింది అడిగింది. నేను వెళ్లి కట్టలు తెచ్చి చేతిలో పెట్టాను. తీసుకుని వంగింది. అందరూ వంగారు. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు, అడిగే మొహం ఎక్కడుంది?

ఆ ఉభాలు అయ్యేదాకా ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది. అక్క పాడలేదు, ఎవరూ అందుకోలేదు. నా చరణం మాత్రం ఊళ్లో మళ్లీ వినపడలేదు. ఆ మరుసటి ఏడు నన్ను ఆరో తరగతికి విజయనగరంలో మా పిన్ని ఇంటికి పంపేశారు. ఆ ఉభాల్లో అక్క మళ్లీ పాడిందట. మొదటి రోజు పాడలేదట, రెండో రోజు పాడలేదట, మూడో రోజు ఎవరూ అనుకోకుండా అందుకుందట. దసరా సెలవులకి వెళ్లినప్పుడు మామ్మ చెప్పింది. ఉభాలు ఎప్పుడో అయిపోయిన సంగతి మరిచిపోయి, నాకొకసారి పాడించవా మామ్మా అని అడిగాను. "మళ్లీ ఎందుకే నీకు?" అంది మామ్మ. నిజమే, ఎందుకు? మరో ఏడాదికి ఎచ్చెర్ల వైపు సంబంధం కుదిరి అక్క వెళ్లిపోయింది. వెళ్లేముందు నన్ను చూసి నవ్వింది, తల మీద చెయ్యి కూడా వేసింది. ఆ తర్వాత జడ మాత్రం నాకు ఎవరూ అంత బాగా వెయ్యలేదు. ఆ గొంతు మళ్లీ వినే రాత నాకు లేకపోయింది.

తర్వాత చాలా చదివాను. పంతులమ్మనయ్యాను. ఏ సమాజమైనా ఒక మెట్టు పైకి ఎక్కేది తనలో ముందుగా ఎదిగిన కొద్దిమంది వల్లే, మిగతావాళ్లు వాళ్లని చూసి ఎక్కుతారు అని పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటల్లో రాసి ఉంటే, నాకు మా మడిలో నడుం ఎత్తిన ముగ్గురు ముసలివాళ్లే కనపడేవారు. అప్పట్లో ఊళ్లో తెలివైనదాన్ని, కొత్తది కట్టగలదాన్ని నేనే అని నా నమ్మకం. కాని నేను కట్టినదాంట్లో కొత్తేముంది? నత్తివాళ్లని వెక్కిరించడం లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. రెండు మాటలు కలపడం చేతకాని మా మామ్మ మా ఊరి పాటలో అంతకు ముందెప్పుడూ లేనిదాన్ని తెచ్చి పెట్టింది. ఒక మనిషి కోసం వరసంతా ఆగడం. దానికి ప్రాస అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు. తన నోరు తన చేతిలో ఉంటే చాలు. ఆ విద్య నేర్చుకోవడానికి నాకు జీవితమంతా పట్టింది, ఇంకా పూర్తిగా వచ్చిందని చెప్పలేను. ఇప్పటికీ ఎవరైనా తడబడితే మాట నా నాలుక చివరికి వచ్చేస్తుంది.

ముప్పై ఏళ్ల పైన పాఠాలు చెప్పాను. క్లాసులో ఏ పిల్లాడైనా, ఏ పిల్లైనా ఒక మాట దగ్గర ఇరుక్కుంటే మిగతా పిల్లలు ఇకిలించడం మొదలుపెట్టేవారు. నేను బెత్తం తీసేదాన్ని కాదు, మాట అందించేదాన్ని కాదు. కుర్చీలోంచి లేచి, చేతులు దించుకుని, ఒక చరణమంతసేపు నిలబడేదాన్ని. మొదట్లో నవ్వేవారు. తర్వాత నవ్వేవారు కాదు. ఆ నిలబడ్డంతసేపూ నా నోట్లో మట్టి రుచి తగిలేది. ఈ వయసులో కూడా తగులుతుంది. ఉప్పగా, కొంచెం నారు పచ్చి వాసనతో.

అక్క చరణం నాకు మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఇప్పటికీ వచ్చు. నా చరణం రాశాను గాని ఆవిడది రాయలేదు, మీరు చూసే ఉంటారు. దాని చోటు పైన ఎక్కడో ఖాళీగానే ఉంచాను. అది నాది కాదు.